ఎడం పక్క హబ్బు

ఆ వర్షాకాలమంతా నేను చేసింది ఒక్కటే పని. బండి దిగడం, బండి ఎక్కడం. ఆషాఢంలో మొదలుపెట్టి దుర్గాపూజ దాకా రోజుకి నాలుగుసార్లు, వాన గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువసార్లు. దిగిన ప్రతిసారీ ముందు చక్రం దగ్గర బురదలో గొంతుక్కూర్చోవాలి, చక్రం నడిమధ్యనున్న గుండ్రటి బిళ్ళని తిప్పాలి, లేచి బండి ముందునుంచి చుట్టూ తిరిగి రెండో చక్రం దగ్గర మళ్ళీ అదే పని చేయాలి. చెప్పుకుంటే ఇంతే. నలభై ఆరేళ్ళ మోకాళ్ళతో చేసినవాళ్ళకి తెలుస్తుంది ఎంతో.

నా పేరు గంగాభవాని. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, న్యూ సెటిల్‌మెంట్ పక్కన రెండు గదుల ఇల్లు మాది. మా ఆయన లక్ష్మీపతి నాకు సొంత మేనత్త కొడుకు. మామయ్య రైలింజను డ్రైవరు. కొడుకుని కూడా ఇంజనెక్కించాలని ఎంతో ఆశపడ్డాడు గానీ బావ పరీక్ష గట్టెక్కలేదు. ఆ నామోషీ బావ మనసులోంచి ఈనాటికీ పోలేదు. ఇంజను దక్కకపోతే పోయింది, స్టీరింగైనా దక్కింది అనుకుని ముప్పయ్యేళ్ళు లారీలు తోలాడు. చివరి పదేళ్ళూ రైలు కట్ట పక్కన కల్వర్టులు కట్టే కాంట్రాక్టరు దగ్గర. ఇనుము, సిమెంటు, కూలివాళ్ళు, ఏది పొలాల్లోకి చేర్చాలన్నా బావ బండే చేర్చాలి.

ఆ బండి వేలంపాటలో కొన్న పాత మిలిటరీ బండి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది, కానీ అడగ్గానే కాదు. తారురోడ్డు మీద ముందు చక్రాలు ఊరికే దొర్లుతుంటాయి, లాగే పని వెనక చక్రాలదే. బురద వచ్చే ముందు ఎవరో ఒకరు దిగి ముందు చక్రాల హబ్బులు రెండూ చేత్తో తిప్పి లాక్ చేయాలి. తర్వాత డ్రైవరు లోపల రెండో గేరురాడ్డు వేస్తే అప్పుడు నాలుగూ కలిసి లాగుతాయి. మళ్ళీ తారెక్కాక దిగి ఫ్రీ చేయాలి. కొత్త బండ్లలో ఒక మీట నొక్కితే అయిపోతుందట. మా అదృష్టానికి మీట నొక్కే బండి దొరకలేదు.

జ్యేష్ఠం చివర్లో ఒకరోజు పొద్దున్న నేను పెరట్లో బట్టలు జాడిస్తున్నాను. పొయ్యి మీద అన్నం పొంగిపోతోందని అత్త కేకేసింది. బావ వంటింట్లోకి వెళ్ళి గిన్నె దించి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడెట్టమంటావే?" అని నింపాదిగా అడిగాడు.

గిన్నెని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. గుడ్డ లేదు, పట్టకారు లేదు. గంజి ఇంకా కుతకుతలాడుతోంది.

"దించు బావా! దించియ్యి!" అని అరిచాను. ఎందుకు అరుస్తున్నానో అర్థం కానట్టు చూస్తూ గిన్నె గట్టు మీద పెట్టాడు. వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. మధ్యాహ్నానికి పొక్కులు లేచాయి. ఆ చేతుల్ని చల్లటి నీళ్ళలో పెట్టి పట్టుకుని కూర్చున్నాను. అత్త పక్క గదిలో ఉంది కాబట్టి గొంతు తగ్గించి అడిగాను.

"ఎన్నాళ్ళ నించి?"

"ఏటెన్నాళ్ళ నించి?"

"సేతి ఏళ్ళకి తెలీడం లేదు కదా నీకు."

"శీతాకాలం నించి. షుగరోళ్ళందరికీ ఉంటాదే. పెద్ద ఇసయం కాదు."

"మరి బండి ఎలా తోలుతన్నావు?"

"ముప్పయ్యేళ్ళ అలవాటు మీద తోలుతన్నాను. ఏళ్ళతోటి తోలుతారేటి?"

"మరి హబ్బులో?"

చేతులు నీళ్ళలోంచి తీసేసుకున్నాడు. అంతకు నెల కిందటే కాంట్రాక్టరు బండి మీదున్న రెండో మనిషిని ఇంకో సైటుకి పంపేశాడు. హబ్బులు కూడా బావే వేసుకోవాలి. ఆ బిళ్ళ మీద ఫ్రీ, లాక్ అని రాసిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. లోపల పళ్ళు కూర్చున్నప్పుడు వేళ్ళకి 'టక్' మని తగులుతుంది, అదే గుర్తు. కుతకుతలాడే గిన్నె తెలియని వేళ్ళకి ఆ టక్ ఏం తెలుస్తుంది?

సైటు చూసుకునే మైతీ బాబుకి ఈ సంగతి తెలిస్తే ఆ పూటే బండి తాళం తీసేసుకుంటాడు. తీసుకోవాలి కూడా, తప్పు పట్టను. కానీ స్టీరింగు లేని బావ ఎలా ఉంటాడో నాకు ఊహకందలేదు. మా వీధిలో రిటైరైన వాళ్ళు పొద్దున్నే గోడవార స్టూళ్ళు వేసుకుని కూర్చుంటారు. వాళ్ళ పక్కన బావకి ఒక స్టూలు వేసి చూసుకున్నాను మనసులో.

"నాను వస్తాను నీతోటి. హబ్బులు నాను ఏస్తాను," అన్నాను.

"మతి గాని పోయిందేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

రెండు రోజులు కుదరదంటే కుదరదన్నాడు. మూడోరోజు పొద్దున్న బండి స్టార్టు చేసి, వీధిలోనే ఉంచి, హారను కొట్టాడు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

నారాయణగఢ్ దాటాక తారురోడ్డు వదిలి ఎడమకి తిరిగితే ఆరు కిలోమీటర్లు పొలాల మధ్య మట్టిబాట. మా ఊరి ఎర్ర కంకరనేల కాదది. కేలేఘాయి నది పారే పల్లం, నల్లటి జిగట మన్ను. కాలు పెడితే జోడు లాగేసుకుంటుంది. తారు ఆగిపోయేచోట బావ బండి ఆపి దిగి, నాకు పాఠం చెప్పాడు.

"ఇలాగ పట్టుకో. గడియారం తిరిగేపక్కకి తిప్పు. టక్కుమంటాది. సగంలో వదిలేస్తే పళ్ళు సగమే కూకుంటాయి, బరువు పడగానే ఇరిగి సస్తాయి. రెండోది, ఒక పక్క పడి ఒక పక్క పడకపోయినాదనుకో, ఇంజను బలమంతా ఆ పడని పక్కకే పోయి లోపల ఊరికినే తిరిగీస్తాది. ముందు సెక్రాలు రెండూ దండగే. అర్థమైనాదా?"

"ఒకటి పడితే సగమైనా లాగదేటి?"

"సగం లేదు, పావు లేదు. రెండూ పడాల."

తిప్పాను. మొదటిసారి రాలేదు. రెండోసారి రెండు చేతులూ వేసి తిప్పితే వేళ్ళ కొసల్లో టక్‌మంది. బావ వంగి నా ముఖంలోకి చూస్తున్నాడు, హబ్బు వైపు కాదు. తెలిసిందా అని అడగలేదు. తెలిసిందని నా ముఖం చూసి గ్రహించి, చటుక్కున తల తిప్పుకున్నాడు.

"లాక్ అని కేకెయ్యి," అన్నాడు.

"ఎందుకు? పక్కనే ఉన్నావు కదా."

"కేకెయ్యాలంతే."

మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. ఇంజను నడిపేవాళ్ళు దారిలో సిగ్నలు కనపడగానే దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు తనూ కళ్ళారా చూసి అదే మాట తిరిగి చెప్పాలి. మామయ్య ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చిపెట్టాడు. పడుకునే ముందు అత్త "గ్యాసు బందు!" అని అరిస్తే, ఎవరో ఒకరు వంటింట్లోకి వెళ్ళి చూసి "గ్యాసు బందు!" అనాలి. "తలుపు గడియ!" అంటే "తలుపు గడియ!" కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇదేం పిచ్చికొంపరా దేవుడా అనుకునేదాన్ని. మామయ్య పోయి పదకొండేళ్ళయింది, కేకలు మాత్రం పోలేదు. తేడా అల్లా, వెళ్ళి చూడడం మానేశాం. పడుకున్నచోటి నుంచే బదులు పలికేస్తాం.

"లాక్!" అని అరిచాను పొలాలన్నీ వినపడేలా.

"లాక్!" అన్నాడు బావ, మహా గంభీరంగా. బండి వెనక భాగంలో ఉన్న కూలి ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. వాళ్ళకి పెద్ద మాలతి దీదీ అని ఒకావిడ. "బౌదీ కూడా డ్రైవరైపోయిందర్రా" అని వాళ్ళ భాషలో ఏదో అంది. బౌదీ అంటే వదిన. నాకూ నవ్వొచ్చింది. ఆ కాలమంతటిలో హాయిగా నవ్విన రోజు అదొక్కటే అనుకుంటాను.

మైతీ బాబుకి నేనే చెప్పాను, మా ఆయనకి షుగరుంది, వేళకి తిండి పెట్టాలి, అందుకని వస్తున్నానని. అబద్ధం కాదు. నిజమూ కాదు. మైతీ బాబు మెత్తటి మనిషి, "ఠీక్ హై బౌదీ, భాలో" అని ఊరుకున్నాడు. నాకది మరింత కష్టంగా ఉండేది. కసురుకునేవాడైతే దాచడం తేలిక.

శ్రావణం వచ్చేసరికి నాకు రోజుల లెక్క తప్పింది. తెల్లారకుండా లేవడం, వంట చేయడం, అత్తకి మందులు తీసిపెట్టడం, బండెక్కడం. తారు చివర దిగడం, ఎడం పక్క లాక్, కుడి పక్క లాక్, కేక. వాన. సైటులో సరుకు దించుతుంటే తిండి పెట్టడం. మళ్ళీ తారు చివరికి వచ్చాక ఫ్రీ చేయడం. అది ఇంకా పెద్ద తలనొప్పి. బురదలో బిగిసిన పళ్ళు ఓ పట్టాన వదలవు. బండి నాలుగడుగులు వెనక్కి తోలితే గాని బిళ్ళ కదలదు. "ఎనక్కి! ఇంకొంచెం! ఆపు!" అని నేను అరవడం, అద్దంలోంచి బావ విసుక్కోవడం. గోళ్ళలో గ్రీజు ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేతులతో అన్నం కలుపుకోబుద్ధి కాక చెంచాతో తిన్న రోజులున్నాయి. ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చుంటే అత్త "నాకు కాఫీ" అనేది. ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు మేము. మొగుడి వెంట షికారు తిరుగుతోందని అనుకునేది.

అలిసిపోయానని ఒక్కసారైనా బావతో అనాలని ఉండేది. అనలేదు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన మనిషి మారిపోయేవాడు. మా ఇంట్లో ఏ మూలా కనిపించని బావ ఒకడు ఆ సీట్లో ఉండేవాడు. నడుం నిటారుగా, నోటి కొసన ఏదో కూనిరాగం. గుంటలో బండి ఒరిగితే వెనకున్న వాళ్ళందరూ కెవ్వుమంటారు, ఆయన మాత్రం చెరువులో ఈత కొట్టేవాడిలా తాపీగా ఉంటాడు. ఆ మనిషిని ఇంకో ఏడాదైనా అక్కడ కూర్చోబెట్టాలని నా తాపత్రయం.

భాద్రపదంలో నాలుగు రోజులు ఎండ కాసింది. బాట పెంకులా గట్టిపడింది. హబ్బులు వెయ్యకుండానే సైటుకి వెళ్ళిపోయాం. పూజకి ముందు ఇక వాన రాదని అందరూ అనుకున్నారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక దక్షిణం నుంచి మబ్బు కమ్మింది, గంట తిరగకుండా మనిషికి మనిషి కనపడనంత వాన. మైతీ బాబు తారు దగ్గర టీకొట్టు నుంచి ఫోను చేశాడు, నది కట్ట ఎక్కడో చెమ్మ ఊరుతోంది, అందర్నీ ఎక్కించుకుని వెంటనే వచ్చెయ్యమని.

పద్నాలుగు మంది ఎక్కారు వెనక. గమేళాలు, పారలు అక్కడే పడేసి ఎక్కారు.

"నువ్వు ఎడం పక్కది ఏసెయ్యి, కుడి పక్కది నాను ఏస్తాను, టైము లేదు," అని బావ తనవైపు తలుపు తీసుకుని దూకాడు.

వద్దనడానికి కూడా వ్యవధి లేదు. నా పక్క తిప్పాను, టక్‌మంది. "లాక్!" అని అరిచాను. వాన హోరులో అటుపక్క నుంచి "లాక్!" అని వినపడింది. ఆ వెంటనే మళ్ళీ "కుడి లాక్!" అన్నాడు బావ.

"కుడి లాక్!" అన్నాను నేను. అనేసి బండెక్కేశాను.

చుట్టూ తిరిగి వెళ్ళి చూడాలని తోచనైనా తోచలేదు. పదకొండేళ్ళుగా మంచం మీద నుంచే "గ్యాసు బందు" అన్న నోరది. దానంతట అదే పలికింది.

సగం దూరం బాగానే వచ్చాం. బాట ఒకచోట కిందికి దిగి, చిన్న కాలువ దాటి మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఆ పల్లంలో నీళ్ళు చేరాయి. బావ చిన్న గేరులో పెట్టి దింపాడు. నీళ్ళ మధ్యలోకి వచ్చాక వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి ఒక జానెడు ముందుకి పోయి కూర్చుండిపోయింది. ఇంకోసారి యాక్సిలేటరు తొక్కాడు. ఇంకాస్త దిగబడింది.

"బౌదీ, జల్ బాడ్ఛే," అంది వెనక నుంచి మాలతి దీదీ. నీళ్ళు పెరుగుతున్నాయి అని. గట్టిగా కూడా అనలేదు. పద్నాలుగు మందిలో ఒక్కరూ అరవలేదు. అరిస్తే బాగుండేదేమో.

తలుపు తీసి దిగాను. తొడల దాకా నీళ్ళు. ముందు చక్రాలు రెండూ కదలకుండా ఉన్నాయి, వెనకవి మాత్రమే తిరుగుతున్నాయి. ఒక పక్క పడలేదని అర్థమైంది. నాదే పడలేదేమోనని ముందు నా పక్కే తడిమాను. పడే ఉంది. బండి ముందు భాగం పట్టుకుని అటుపక్కకి వెళ్ళాను. నీళ్ళ అడుగున చేత్తో వెతికితే కుడి హబ్బు బిళ్ళ అటూ ఇటూ కాకుండా నడిమధ్యలో ఆగి ఉంది.

పైనుంచి బావ కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తున్నాడు. రెండు చేతులతో తిప్పాను, కదల్లేదు. "కొంచెం ముందుకి ఒదులు," అన్నాను. బండి ఒక్క అంగుళం ఊగింది, బిళ్ళ తిరిగింది, వేళ్ళలో టక్‌మని తగిలింది.

నాలుగు చక్రాలూ కలిసి లాగితే బండి బురదలోంచి వచ్చిన తీరు ఇప్పటికీ ఒంట్లో గుర్తుంది. అసలు దిగబడనేలేదన్నట్టు వచ్చేసింది. వెనక వాళ్ళు అప్పుడు అరిచారు, సంతోషంతో. గట్టు మీద బావ బండి ఆపాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఎక్కాను. చీర పిండుకోవడానికి కిందికి వంగాను.

బావ కుడికాలు బ్రేకు మీద ఉంది. కాలికి జోడు లేదు. ఎడంకాలికి రబ్బరు జోడు ఉంది, కుడికాలికి లేదు. అరికాలి పక్క నుంచి రక్తం కారి, బురదతో కలిసి, ఆ ఇనప పెడలు కిందికి చారలా దిగుతోంది. బొటనవేలి కింద పెంకుముక్కో, గాజుముక్కో ఒకటి గుచ్చుకుని ఉంది. ఆ కాలితోనే నొక్కుతున్నాడు.

"బావా, కుడికాలి జోడేది?" అన్నాను.

"కాలికే ఉన్నాది," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

"సూడు."

చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి అద్దంలోకి చూశాడు, వెనక ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్న పద్నాలుగు మందిని. మళ్ళీ బండి కదిలించాడు. ఇంకా మూడు కిలోమీటర్లు ఉంది. ఇంకెవరికీ తోలడం రాదు.

ఆ మూడు కిలోమీటర్లూ నేను బాట చూడలేదు, ఆ కాలినే చూశాను. ఆయన కూడా నొక్కే ముందు ప్రతిసారీ కిందికి చూసుకుంటున్నాడు. ఎన్నాళ్ళ నుంచి అలా చూసుకుంటున్నాడో. చేతుల సంగతి తెలిసి చేతులకి నేను అడ్డం నిలబడ్డాను. బ్రేకు మీద ఉన్న కాలికి ఎవరు అడ్డం?

తారెక్కగానే టీకొట్టు ముందు మైతీ బాబు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. మాలతి దీదీ దిగి, నా గడ్డం పట్టుకుని, ఇంటికి పోయి వేడినీళ్ళు పోసుకో అంది. ఆవిడ కళ్ళలోకి నేను చూడలేకపోయాను. రెండున్నర నెలలుగా ఆవిడ ప్రాణం ఎవరి కాలి కింద ఉందో ఆవిడకి తెలియదు.

మైతీ బాబు దగ్గరికి వెళ్ళాను.

"దాదా, ఓర్ పాయే షాడ్ నేయి," అన్నాను. ఆయన కాలికి స్పర్శ లేదు అని. "చేతులకి కూడా లేదు. నాకు జ్యేష్ఠం నుంచీ తెలుసు."

మైతీ బాబు నన్ను చూశాడు. దిగుతున్న వాళ్ళని చూశాడు. ఆయన ముఖంలో కోపం రావడం, అది కోపంగా నిలవలేక ఇంకేదో అయిపోవడం కనపడింది. ఆయన ఏదో అనేలోపు బావ వచ్చాడు, ఒక జోడుతో కుంటుకుంటూ. తాళం టీకొట్టు బల్ల మీద పెట్టాడు. పెట్టి, వర్షంలోనే నారాయణగఢ్ స్టేషను వైపు నడవడం మొదలుపెట్టాడు. నేను వెనకాల పరుగెత్తాను. ఖరగ్‌పూర్ దాకా లోకల్ రైల్లో ఎదురుబొదురుగా కూర్చున్నాం. నావైపు ఒక్కసారైనా చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు గాజుముక్క తీసి, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదన్నాడు. రోజూ కట్టు మార్చాలన్నాడు. కట్టు మార్చేటప్పుడు కూడా బావ నాతో మాట్లాడేవాడు కాదు. ఏదైనా కావాలంటే "అమ్మా, నీ కోడల్ని మంచినీళ్ళడుగు," అనేవాడు. అప్పటికి అత్తకి అన్నీ తెలిశాయి.

"పద్నాలుగు మందీ బాగానే దిగినారు కదే," అంది అత్త ఒకరోజు, నన్ను చూడకుండా బియ్యం ఏరుతూ. "ఇంటికొచ్చినాక ఆడే సెప్పుకునేవాడేమో. నువ్వే సెప్పాలేటి, నలుగురి ముందా?"

ఆయనే చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదేమో. పరువు తీశానని మనసు ఒకవైపు కుమిలిపోయేది, ముందే తీయాల్సిందని ఇంకోవైపు. రెండూ నిజమే అనిపించేది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

పది రోజుల తర్వాత మైతీ బాబు ఇంటికొచ్చాడు. కొత్త డ్రైవరు దొరికాడట, శ్రీనివాస్ అని, మా ఊళ్ళోనే గిరి మైదానం వైపు మనిషే. తోలడం బాగా వచ్చు గానీ హబ్బుల బండి ఎప్పుడూ ముట్టుకోలేదు. బౌదీ వస్తే బాగుంటుందన్నాడు, ఈసారి కూలి లెక్కలో పేరు రాసుకుని. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను వస్తానన్నాను. ఇల్లు గడవాలి, ఇంకేం చేస్తాను? మర్నాటి నుంచి మళ్ళీ అదే బురద, అవే చక్రాలు. కాకపోతే ఇప్పుడు రెండు పక్కలా నా చేత్తోనే వేసేదాన్ని, శ్రీనివాస్ దిగేవాడు కాదు. ఇంట్లో బావ, అత్త, మందులు. నేను బయట. కుచ్చిళ్ళు దోపుకుని వీధిలోకి వెళ్తుంటే గోడవార స్టూళ్ళ వాళ్ళు "డ్యూటీకా?" అనేవారు, మగవాళ్ళని అడిగినట్టే.

దుర్గాపూజ షష్ఠి నాడు సగం పూటకే పని ఆపేశారు. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చాను. వీధి చివర పందిట్లో ఢాక్ డోళ్ళు వాయిస్తున్నారు. అత్త అక్కడికే వెళ్ళింది. స్నానం చేసి, వేడినీళ్ళు, దూది తెచ్చుకుని బావ మంచం దగ్గర కింద కూర్చున్నాను. కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పాను. పుండు మానుపడుతోంది, అంచుల్లో కొత్త చర్మం గులాబీరంగుగా వస్తోంది.

"కొత్తోడు ఎలా తోలుతన్నాడు?" అన్నాడు.

ఇరవై రోజులకి నాతో అన్న మొదటి మాట. చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

"బాగానే తోలుతన్నాడు."

"హబ్బులకి దిగుతన్నాడా?"

"లేదు. నానే ఏస్తన్నాను రెండు పక్కలా."

"మైతీ బాబుకి నువ్వు ఏటని సెప్పినావు ఆ రోజు? కాలనా, సెయ్యనా?"

"రెండూ సెప్పినాను."

"కన్ను కూడా సెప్పవలిసింది," అన్నాడు.

నేను తలెత్తాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఎడం కన్ను. పోయిన పూజల నించీ మసక. ఇప్పుడైతే దీపం పెట్టినా తెలీదు," అన్నాడు. "హబ్బులకోసం కాదే నిన్ను రానిచ్చినది. అవి ఎలాగో తంటాలు పడేవోడిని. ఆ పక్కన నువ్వు కూకుంటే, గుంటొస్తే భయపడి తలుపు పట్టుకుంటావు. సైకిలోడు అడ్డం వస్తే 'అయ్యో' అంటావు. అది ఇని తోలినాను."

ఎడం పక్క కూర్చుని రెండున్నర నెలలు నేను వేసిన కేకలన్నీ చెవుల్లో తిరిగాయి. వెనకున్న పద్నాలుగు మంది, ముందు నేను, నా భయం చూసి బండి తోలుతున్న మనిషి. కోపం వచ్చింది, ఆ గిన్నె ఏదో నా చేతుల్లో పెట్టినంత కోపం. జాలి కూడా వచ్చింది, అదీ అంతే వేడిగా. మంచం కోడుకి తల ఆనించుకుని కాసేపు ఉండిపోయాను. చెప్పి తప్పు చేశానా అని ఇరవై రోజులుగా నన్ను తింటున్న పురుగు మాత్రం అక్కడే చచ్చిపోయింది.

"ఇంకేటైనా ఉన్నాదా దాసినది?" అన్నాను.

"లేదు."

నమ్మబుద్ధి కాలేదు. పుండు తుడిచి, మందు రాసి, కొత్త కట్టు కట్టాను. తర్వాత రెండో కాలు కూడా ఒళ్ళోకి లాక్కున్నాను. ఆయన వెనక్కి తీసుకోబోయాడు, వదల్లేదు. బొటనవేలు గట్టిగా నొక్కాను.

"తెలుస్తన్నాదా?"

"లేదు."

అరికాలి మధ్యలో నొక్కాను. "ఇక్కడ?"

"లేదు."

మడమ. "ఇక్కడ?"

ఆలోచించి చెప్పాడు. "లేదు."

చీలమండ దాటాను. ఇంకో నాలుగు వేళ్ళు పైకి జరిగి, పిక్క మొదట్లో అరచెయ్యి పెట్టాను.

"అక్కడ తెలుస్తన్నాది," అన్నాడు. "సెయ్యి తియ్యకు."